ఊరికి కాదు, మన రోజుకి నడిబొడ్డు

అందరికీ నమస్కారం.

కొన్నేళ్ల కిందట అమ్మని తీసుకుని బార్సిలోనా వెళ్లాం. హోటల్ బదులు కొన్ని రోజులకి అద్దెకి ఇచ్చే అపార్ట్‌మెంట్ నేనే వెతికాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ప్రకటనలో 'రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు' అని ఉంటే, రెండే కదా, మెల్లగా ఎక్కిస్తాంలే అనుకున్నాను. వీధి తలుపు తీసి ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి అంతస్తు చేరేసరికి గోడ మీద 'ఎంట్రెసువెలో' అని రాసి ఉంది. ఇంకొకటి ఎక్కితే 'ప్రిన్సిపల్' అని ఉంది. ఆ పైన 1. ఆ పైన 2. అక్కడి పాత భవనాల్లో చాలావాటికి అంతస్తుల లెక్క అలాగే ఉంటుంది. నేల మీది అంతస్తు తర్వాత రెండింటికి పేర్లు పెట్టి, ఆ తర్వాతే అంకెలు మొదలుపెడతారు. రెండు అంటే నాలుగన్నమాట.

మూడో అంతస్తు దగ్గర అమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది. "నువ్వు పద నాన్నా, నేను నిదానంగా వస్తా" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ నాలుగు రోజులూ ఆమె రోజుకి ఒక్కసారే కిందకి దిగింది. ఆ ఇంటి లొకేషన్‌కి వంక పెట్టేందుకు లేదు. మెట్రోకి మూడు నిమిషాలు, చూడాల్సినవన్నీ చుట్టుపక్కలే. అయినా ఆ లొకేషన్ ఆమెకి అందలేదు.

ఊరు చూడటానికి వెళ్లినప్పుడు ఇల్లు ఎక్కడ తీసుకోవాలి అన్న విషయం మీద ఇవాళ మాట్లాడటానికి ఒప్పుకున్నది ఆ మెట్ల వల్లే. నా దృష్టిలో మంచి లొకేషన్ అంటే మన మంచం దగ్గర మొదలై, మనం చూడాలనుకున్న గుమ్మం దాకా పట్టే దారి. మెట్లు, వాలు, స్టేషన్‌లో నడిచే సొరంగం, రాత్రి తిరిగొచ్చే వేళ, అన్నీ ఆ దారిలోవే.

మనలో చాలామంది ముందుగా చూసేది 'సెంటర్ నుంచి 2 కిలోమీటర్లు' అన్న ముక్క. ఆ సెంటర్ ఏదో ఎప్పుడైనా ఆలోచించామా? పారిస్ నుంచి దూరాలు కొలిచేది నోట్రడామ్ చర్చి ముందు నేలలో పొదిగిన ఒక చిన్న లోహపు ఫలకం దగ్గర నుంచి. లండన్‌కి చేరింగ్ క్రాస్ దగ్గర 1వ చార్లెస్ రాజు విగ్రహం ఉన్న చోటు. బుకింగ్ సైట్ లెక్క వేసుకునే చుక్క ఇంకెక్కడో ఉండొచ్చు. పైగా అది తిన్నగా గీత గీసి కొలిచిన దూరం. మధ్యలో నది ఉందా, రైలు పట్టాలున్నాయా, కొండ ఉందా అన్నది ఆ అంకె చెప్పదు. ఇస్తాంబుల్‌నే తీసుకోండి. అయా సోఫియా, టాప్‌కాపీ ప్యాలెస్, గ్రాండ్ బజార్ ఐరోపా ఒడ్డున ఉన్నాయి. ఆసియా ఒడ్డున ఉస్కుదార్‌లో దిగితే మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తుంది, కానీ మధ్యలో బాస్ఫరస్ జలసంధి. ఫెర్రీ ఎక్కాలి, లేదా సముద్రం కింద నుంచి వెళ్లే మర్మరాయ్ రైలు ఎక్కాలి. ఫెర్రీలో ఒకసారి వెళ్లడం చాలా బావుంటుంది. అలసిపోయిన రాత్రి, చంకలో నిద్రపోతున్న బిడ్డతో ఆ ఫెర్రీ కోసం ఎదురుచూడటం వేరే సంగతి.

కొన్ని ఊళ్లకి అసలు ఒక సెంటర్ అంటూ లేదు. టోక్యోలో షింజుకు ఒక ఊరంత, షిబుయా ఒక ఊరంత, పాత గుడి ఉన్న అసాకుసా ఇంకో మూల. అక్కడ వెతకాల్సింది సెంటర్ కాదు, యమనోతె లైన్. ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగే రైలు మార్గం అది. 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు. ఆ గుండ్రంలో ఏదో ఒక స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు దొరికితే సగం పని అయినట్టే.

నేను ఇప్పుడు ఎలా చూస్తానంటే, ఇల్లు వెతకడానికి ముందు మ్యాప్ తెరుస్తాను. కచ్చితంగా చూడాలనుకున్న ఏడెనిమిది చోట్లు గుర్తు పెట్టుకుంటాను. మనం దిగే విమానాశ్రయం నుంచి వచ్చే రైలు ఊళ్లో ఆగే స్టేషన్ కూడా. అప్పుడు ఆ చుక్కలు గుంపుగా ఎక్కడ పడ్డాయో కంటికే కనిపిస్తుంది. ఆరు ఒక పక్కన, రెండు దూరంగా ఉంటే, ఆ ఆరింటి పక్కన ఇల్లు చూసుకుని దూరంగా ఉన్న రెండింటికీ ఒకే రోజు పెట్టుకుంటాను. ఊరి నడిబొడ్డు ఎక్కడన్నది నాకు అక్కర్లేదు. నా రోజుకి నడిబొడ్డు ఎక్కడో అది కావాలి.

దూరంగా తీసుకుంటే అద్దె తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది. కాకపోతే ఒక్కసారి కాగితం మీద లెక్క వేద్దాం. పొద్దున వెళ్లడం, మధ్యాహ్నం రావడం, సాయంత్రం మళ్లీ వెళ్లడం, రాత్రి రావడం. రోజుకి నాలుగు ప్రయాణాలు. ఒక్కోదానికి 35 నిమిషాలైతే 140 నిమిషాలు. ఇల్లు 10 నిమిషాల దూరంలో ఉంటే 40. రోజుకి 100 నిమిషాల తేడా. నాలుగు రోజులకి 6 గంటల 40 నిమిషాలు. అంటే ఒక పగలు దాదాపుగా రైల్లోనే గడిచిపోతుంది. నలుగురు ఉన్న కుటుంబమైతే ఆ టికెట్ల ఖర్చు కూడా నాలుగింతలు చేసి అద్దెకి కలపండి. నా అనుభవంలో ఈ లెక్క వేశాక చాలాసార్లు చవక అన్న ఇల్లు చవక కాలేదు.

నిజానికి ఆ లెక్కలో రెండు ప్రయాణాలు దూరంగా ఉన్నవాళ్లు చెయ్యరు. మధ్యాహ్నం ఇంటికి రారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. హోటల్ వద్దనుకుని మనం అపార్ట్‌మెంట్ ఎందుకు తీసుకుంటాం? వంటిల్లు ఉంటుంది, బట్టలు ఉతుక్కునే మెషీన్ ఉంటుంది, పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని పడుకోవడానికి హాలు ఉంటుంది. ఇవన్నీ పగటి పూట వాడుకునేవి. ఇల్లు 40 నిమిషాల దూరంలో ఉంటే పొద్దున 9కి తాళం వేసి రాత్రి 9కి తీస్తాం. వంటిల్లు అలాగే ఉండిపోతుంది. మనం అద్దె కట్టిన ఇల్లు ఒట్టి పడక గదిగా మిగిలిపోతుంది. దగ్గరగా ఉంటే కథే మారిపోతుంది. మ్యూజియంలో రెండు గంటలు తిరిగి ఇంటికొచ్చి, ఇంత వండుకుని, గంట నిద్రపోయి, ఎండ తగ్గాక మళ్లీ బయల్దేరొచ్చు. చంటిపిల్లలున్న తల్లికి, డెబ్బై దాటిన తండ్రికి ఆ మధ్యాహ్నం గంటే యాత్రని నిలబెడుతుంది. వాళ్లు చిరాకు పడటం లేదంటే మిగతా అందరి రోజూ బావుందని అర్థం.

'మెట్రోకి 5 నిమిషాలు' అన్న మాట కూడా విప్పి చూడాలి. మామూలు నడకతో 5 నిమిషాలంటే ఇంచుమించు 400 మీటర్లు. స్టేషన్ పేరు అడిగి మ్యాప్‌లో కొలవండి. ఆ స్టేషన్ ఏ లైన్ మీద ఉందో చూడండి. మీరు వెళ్లాల్సిన చోట్లకి అది నేరుగా వెళ్తే అదృష్టం. మధ్యలో మారాలంటే, ఎక్కడ మారాలో అది ముఖ్యం. పారిస్‌లో షాట్‌లే స్టేషన్‌లో ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారడమంటే పొడవాటి సొరంగాల్లో నడక. పైగా అక్కడి పాత మెట్రో స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు లేవు. 1998లో మొదలైన 14వ లైన్‌లో అన్ని స్టేషన్లకీ ఉన్నాయి. మెట్లు ఎక్కలేని మనిషి మీతో ఉంటే, ఆ ఊళ్లో మెట్రో పక్కన ఇంటికంటే బస్సు స్టాప్ పక్కన ఇల్లే మేలు.

పారిస్ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి పనికొచ్చే చిన్న సంగతి ఒకటి. ఆ ఊరికి 20 వార్డులు. నడిమధ్యలో 1తో మొదలై నత్త గుల్లలా చుట్టుకుంటూ బయటకి వెళ్తాయి. పిన్‌కోడ్‌లో చివరి రెండు అంకెలే వార్డు నంబరు. 75004 అంటే 4వ వార్డు, 75019 అంటే ఊరి ఈశాన్యపు అంచు. ఇంటి యజమాని 'సిటీ మధ్యలో' అని ఎంత రాసినా పిన్‌కోడ్ దాచుకోదు.

వాలు సంగతి మ్యాప్‌లో కనపడదు. లిస్బన్‌లో అల్ఫామా అనే పాత పేట చాలా అందంగా ఉంటుంది. అక్కడ కొన్ని వీధులు వీధులే కావు, మెట్ల వరసలు. వెనిస్ అంతా కాలువలు, కార్లే లేవు. స్టేషన్ నుంచి ఇంటికి వెళ్లే దారిలో వంతెనలొస్తాయి, వాటిలో చాలావాటికి మెట్లుంటాయి. ప్రతి వంతెన దగ్గరా సూట్‌కేసు ఎత్తి, దింపి, మళ్లీ ఎత్తాలి. వెనిస్ చిరునామాల్లో ఇంటి నంబర్లు వీధి లెక్కన ఉండవు, పేట మొత్తానికి ఒకే వరసలో వేలల్లోకి పోతాయి. అందుకని అక్కడ యజమానిని అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏ వాటర్‌బస్ స్టాప్‌లో దిగాలి, అక్కడి నుంచి ఎన్ని వంతెనలు దాటాలి?

ఇక్కడ ఒక చిక్కుంది. ఇళ్లు అద్దెకి దొరికే ఎయిర్‌బీఎన్‌బీ లాంటి సైట్లలో బుక్ చేసేదాకా సాధారణంగా ఇల్లు ఎక్కడుందో కచ్చితంగా చూపించరు. ఆ చుట్టుపక్కల అన్నట్టు సుమారుగా చూపిస్తారు. యజమాని భద్రత కోసం అది సబబే. కాబట్టి అడగాలి. బుక్ చేసే ముందే మెసేజ్ పెట్టాలి. నేను పెట్టే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది: "మాతో మెట్లు ఎక్కలేని పెద్దావిడ ఉన్నారు. వీధి తలుపు నుంచి మీ ఇంటి గుమ్మం దాకా మొత్తం ఎన్ని మెట్లు? లిఫ్ట్ నేల మీద నుంచే మొదలవుతుందా? మీకు దగ్గరి స్టేషన్ ఏది, ఏ గేటు నుంచి బయటకి రావాలి? పడక గది కిటికీ వీధి వైపా, వెనక వైపా?" ఎన్నో అంతస్తు అని మాత్రం ఎప్పుడూ అడగను, మెట్లు ఎన్ని అనే అడుగుతాను. అంతస్తు అన్న మాట ఒక్కో దేశంలో ఒక్కో రకంగా లెక్కపెడతారు. అమెరికాలో 1 అంటే నేల మీదే, ఐరోపాలో చాలాచోట్ల 1 అంటే ఒకటి ఎక్కాక. మెట్లు మాత్రం ఎక్కడైనా మెట్లే. ఓపికగా లెక్కపెట్టి చెప్పిన యజమాని ఇంట్లో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

కిటికీ ఎటు వైపు అని ఎందుకంటే, మరీ నడిమధ్యలో ఉండటానికీ ఒక ఖరీదుంది. గూగుల్ మ్యాప్‌లోని వీధి ఫొటోల్లో (స్ట్రీట్ వ్యూ) పగలు ముచ్చటగా కనపడే సందు రాత్రి బార్ల సందు కావచ్చు. రివ్యూల్లో మార్కులు చూడకండి, మాటలు చూడండి. 'చప్పుడు', 'మెట్లు', 'నడక', 'రాత్రి' అన్న మాటలున్న రివ్యూలు ఏరి చదివితే పది నిమిషాల్లో ఇల్లు అర్థమవుతుంది. గోల వీధి నుంచి రెండు వీధులు లోపలికి వెళ్తే చాలు, అద్దె తగ్గొచ్చు, నిద్రా పడుతుంది.

ఆఖరి రైలు వేళ తప్పకుండా చూసుకోండి. టోక్యోలో అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగిపోతాయి, మళ్లీ తెల్లారేదాకా ఉండవు. లండన్‌లో 2016 నుంచి కొన్ని లైన్లలో రాత్రంతా రైళ్లు నడుస్తున్నాయి, కానీ అది శుక్ర, శనివారాలు రాత్రి మాత్రమే. రాత్రి నాటకానికో కచేరీకో వెళ్లాలనుకుంటే, అక్కడి నుంచి నడిచి రాగలిగే ఇల్లు మనసుకి ఎంత నిమ్మళమో చెప్పలేను. టెన్షన్ లేకుండా చివరిదాకా కూర్చోవచ్చు.

చట్టం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన బుకింగ్‌కే ముప్పు తెచ్చే విషయం. పర్యాటకులకి ఇచ్చే ఇళ్ల వల్ల అక్కడ బతికేవాళ్లకి ఇళ్లు దొరకడం లేదని చాలా నగరాలు ఆంక్షలు పెట్టాయి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. 30 రోజుల కంటే తక్కువకి ఇల్లు ఇవ్వాలంటే యజమాని నగరం దగ్గర నమోదు చేసుకోవాలి, మనం ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరు అతిథులకి మించకూడదు. కాబట్టి అక్కడ కుటుంబానికి మొత్తం అపార్ట్‌మెంట్ అని వారానికి ఎవరైనా చూపిస్తే ఆగి ఆలోచించండి. జపాన్‌లో ఇలా నమోదైన ఇంటిని ఏడాదికి 180 రోజులకి మించి ఇవ్వకూడదు. పారిస్‌లో ప్రకటనలో నమోదు నంబరు ఉండాలి. బార్సిలోనా అయితే 2028 నవంబర్ కల్లా పర్యాటక అపార్ట్‌మెంట్ల లైసెన్సులు మొత్తం ఆపేస్తామని ప్రకటించింది, అవి పది వేలకి పైగా ఉన్నాయి. నంబరు లేని ఇల్లు ఎంత మంచి చోట ఉన్నా నేను తీసుకోను. ఆఖరి నిమిషంలో రద్దయితే వీధిలో నిలబడేది మనమే. దానికి తోడు, ఆ భవనంలో గోడ అవతల ఒక కుటుంబం ఉంటుంది, తెల్లారి పనికి వెళ్లాల్సినవాళ్లు. రాత్రి వచ్చినప్పుడు సూట్‌కేసు చక్రాల మీద లాగకుండా చేత్తో ఎత్తుకోవడం వాళ్లకి మనం ఇవ్వగలిగిన మర్యాద.

మరుసటి ఏడు అమ్మతో మళ్లీ ప్రయాణం పెట్టుకున్నాం, ఈసారి వియన్నా. ఆరుగురు యజమానులకి మెసేజ్ పెట్టాను. ఒకాయన మాత్రం "వీధిలో ఒక మెట్టు, లిఫ్ట్ దగ్గర మూడు, అంతే. లిఫ్ట్‌లో ఇద్దరు, ఒక పెట్టె పడతారు" అని రాశాడు. ఇల్లు మరీ సెంటర్లో లేదు. కింద ట్రామ్ స్టాప్, మేము చూడాలనుకున్న వాటిలో ఐదింటికి ఒకే ట్రామ్. గది కిటికీ పెరటి చెట్టు వైపు.

మూడో రోజు పొద్దున లేచి చూస్తే అమ్మ మంచం మీద లేదు. కంగారుగా కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి తిరుగుతుంటే లిఫ్ట్ చప్పుడైంది. ఒక చేతిలో పాల సీసా, ఇంకో చేతిలో ఇంటి తాళాలు. "ఎదురుగానే కదరా కొట్టు" అంది చెప్పులు విడుస్తూ. "రెండు రోజుల నుంచీ చూస్తున్నాగా."