తొమ్మిది నెలలు మోసి కూడా తెలియకపోవడం సాధ్యమేనా?

నమస్కారం. కడుపునొప్పి భరించలేక ఆసుపత్రికి వచ్చిన ఒక స్త్రీ, గంట తిరగకముందే బిడ్డను కంటుంది. తాను గర్భవతినన్న సంగతి అంతవరకూ ఆమెకు తెలియదు. ఇలాంటి వార్త విన్నప్పుడల్లా మనలో చాలామంది అది అబద్ధమని తేల్చేస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

అయితే బెర్లిన్ నగరంలోని ప్రసూతి ఆసుపత్రుల్లో ఏడాదిపాటు జరిపిన అధ్యయనం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఇరవై వారాలు నిండే వరకూ గర్భాన్ని గుర్తించనివారు సుమారు 475 కాన్పులకు ఒకరు చొప్పున, నొప్పులు వచ్చేదాకా గుర్తించనివారు సుమారు 2,455 కాన్పులకు ఒకరు చొప్పున ఉన్నారని అందులో తేలింది. అరుదే గాని, వింత అనుకునేంత అరుదు కాదు.

గర్భం దానంతటదే తెలిసిపోయే విషయమని మనం అనుకుంటాం. నిజానికి కొన్ని గుర్తులను కలిపి చూసుకుంటేనే అది తెలుస్తుంది, ఆ ప్రతి గుర్తుకూ వేరే కారణం సులువుగా దొరుకుతుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) ఉన్నవారికి నెల తప్పడం కొత్త కాదు. నలభై దాటినవారు ముట్లుడిగే వయసు వచ్చిందనుకుంటారు. గర్భంలో అప్పుడప్పుడూ కనబడే రక్తస్రావాన్ని నెలసరిగా లెక్కవేసుకునేవారూ ఉంటారు. మాయ (బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటా) గర్భాశయం ముందు గోడకు అంటుకుని ఉంటే బిడ్డ కదలికలు మందంగా తెలుస్తాయి, ఆ తెలిసిన కాస్తా గ్యాస్ ఖాతాలోకి పోతుంది. మూత్ర పరీక్షతో నిమిషాల్లో తేలిపోతుంది కదా అంటారేమో, ఆ పరీక్ష చేసుకోవాలంటే ముందు అనుమానమంటూ రావాలి! వేరే బాధతో వచ్చిన స్త్రీని చూసిన వైద్యులకు సైతం ఒక్కోసారి ఆ అనుమానం రాదు.

గర్భాన్ని ఇలా గుర్తించకపోవడాన్ని వైద్యులు గర్భ నిరాకరణ అంటారు. ఆ పేరే ఆమెను దోషిగా నిలబెడుతుందని నా అభిప్రాయం. తెలిసీ దాచిపెట్టడం వేరు. ఒక క్షణం స్ఫురించిన సంగతిని, భయం వల్లనో తట్టుకోలేకనో, మనసు తనకు తెలియకుండానే పక్కకు నెట్టేయడం వేరు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు వీరిలో కొద్దిమందే.

అసలు ప్రమాదం కాన్పు దగ్గర ఉంది. విరేచనానికని స్నానాలగదికి వెళ్లిన స్త్రీ ఒంటరిగా ప్రసవిస్తే, జారిపడిన బిడ్డను అందుకునే చేయి ఉండదు, చల్లటి నేల మీద తడి ఒంటితో ఉన్న పసికందును తుడిచి వెచ్చగా పొదువుకోవాలని ఆ దిగ్భ్రమలో తల్లికి తోచకపోవచ్చు. నెలల తరబడి రక్తపోటు చూసినవారు లేరు, రక్తహీనతకు మందు ఇచ్చినవారు లేరు.

తక్కిన తల్లులు నెలల పాటు మనసులో చేసుకునే ఏర్పాటంతా ఈమె ఒక్క పూటలో చేసుకోవాలి. అదే పూట, మంచం చుట్టూ చేరిన ప్రతి ఒక్కరూ "నీకెలా తెలియలేదు?" అని అడుగుతుంటారు, పక్కనున్న బిడ్డకు అప్పటికి ఇంకా పేరైనా అనుకుని ఉండదు.