ముందు గది, తర్వాత స్పీకర్లు, డాక్ చివర్లో

అందరికీ నమస్కారం. కడప ఎండల్లో సాయంత్రం పూట ఇల్లు వదిలి ఇంతమంది వచ్చారంటే పాట మీద మీకెంత ఇష్టమో తెలుస్తూనే ఉంది.

ఒకప్పుడు పాట వినాలంటే క్యాసెట్టో సీడీనో కొనాలి. ఇప్పుడు ఫోన్‌లో ఒక యాప్, ఇంట్లో వైఫై, చిన్న ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఉంటే చాలు. కొన్నాళ్లు హాయిగా వింటాం. ఆ తర్వాత ఇంకొంచెం బాగుంటే బాగుండు అనిపిస్తుంది. అప్పుడు నన్ను చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "ఏ డాక్ కొనమంటారు సార్?" అని. డాక్ అంటే డిజిటల్ అంకెల్ని విద్యుత్ తరంగంగా మార్చే పరికరం. దాన్ని చివర్లో కొనండి అని నా జవాబు. ఎందుకో చెప్తాను.

పాట ఇంటర్నెట్ నుంచి స్ట్రీమర్‌కి, అంటే నెట్‌లోని పాటను తెచ్చి అందించే పరికరానికి వస్తుంది, అక్కణ్ణుంచి డాక్, ఆంప్లిఫయర్, స్పీకర్ దాటి గదిలోకి వస్తుంది. ఈ దారిలో పాట ఎక్కడ ఎక్కువ చెడుతోందో చూసుకుని అక్కడ డబ్బు పెట్టాలి. ఒక మంచి డాక్‌లో డిస్టార్షన్, అంటే శబ్దం అసలు రూపం చెడటం, 0.001 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అదే స్పీకర్‌లో బాగా కింది బేస్ దగ్గర ఒక శాతం దాటడం మామూలే, వాల్యూమ్ పెంచితే ఇంకా పెరుగుతుంది. వెయ్యి రెట్లు పెద్ద లోపాన్ని వదిలేసి చిన్నదాన్ని సరిచేసుకుంటే చెవికి ఏం తెలుస్తుంది?

ఆ స్పీకర్ కంటే కూడా ముందు చూసుకోవాల్సింది గది. మన ఇళ్లలో కింద కడప బండలో, బేతంచెర్ల బండలో, తాడిపత్రి బండలో ఉంటాయి. పైన ఆర్‌సీసీ స్లాబు. నాలుగు వైపులా సున్నం వేసిన గోడలు. వేసవికి చల్లగా, కడగడానికి సులువుగా ఉండే బండ ఇది, నాకూ ఇష్టమే. కానీ శబ్దాన్ని అది పీల్చుకోదు, తిప్పికొడుతుంది. సామాన్లు తక్కువున్న గదిలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగాక వెనకాలే "ర్ర్‌ర్" అని ఒక తోక వినిపిస్తుంది. నేలకీ స్లాబుకీ మధ్య, ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా ఎగిరి పడుతుండటమే దానికి కారణం. చెక్కభజన రికార్డింగు పెడితే ఇది బాగా తెలిసిపోతుంది. చెక్కలకుండే చిన్న రేకుల మోత విడివిడిగా గలగలమనాల్సింది పోయి, ఒకదాని మీద ఒకటి పడి చెవిలో గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకోవడాన్ని డాక్ లోపం అనుకుని కొత్త డాక్ కొన్నవాళ్లున్నారు. గుచ్చుకోవడం అలాగే ఉంటుంది.

స్పీకర్లకీ మీకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరవండి, కింద ఒక దూది బొంత ఉంటే ఇంకా మంచిది. కిటికీలకు మందపాటి కర్టెన్లు వేయండి. పుస్తకాల అల్మరా ఉంటే తలుపుల్లేకుండా గోడవారగా ఉంచండి. పక్కగోడల మీద ఎక్కడ బొంత కట్టాలో తెలియడానికి ఒక చిట్కా ఉంది. మీరు కుర్చీలో కూర్చోండి, ఇంట్లో ఎవరైనా గోడ మీద అద్దాన్ని జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకర్ కనిపించిన చోటు నుంచే శబ్దం తిరిగి మీ చెవికి వస్తోంది.

స్పీకర్లను షోకేసులో ఇరికించడం, బీరువా మీద పెట్టడం మన అలవాటు. దయచేసి దించండి. వెనక గోడకు ఆనిస్తే బేస్ ఉబ్బుతుంది, మూలన పెడితే ఇంకా ఉబ్బుతుంది. గోడకు రెండడుగులు ముందుకు జరిపి, పై చిన్న స్పీకర్ మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండేలా స్టాండు మీద పెట్టండి. రెండు స్పీకర్లూ మీరూ కలిపి సమభుజ త్రిభుజంలా ఉండాలి. గోడల మధ్య పన్నెండడుగులుంటే 47 హెర్ట్జ్ దగ్గర గదే మోగుతుంది. కుర్చీని వెనక గోడకు ఆనించి కూర్చుంటే ఆ మోత నెత్తి మీద కూర్చున్నట్టుంటుంది. కుర్చీ ఒకట్రెండు అడుగులు ముందుకు జరిగితే మృదంగం ఎడమవైపు దెబ్బ దేనికది విడిగా వినిపిస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. చేతిలో 30,000 రూపాయలు ఉంటే 20,000 పైనే స్పీకర్లకు పెట్టమంటాను. సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి. కొనేముందు స్పీకర్ కోన్, అంటే ముందుకూ వెనక్కీ కదిలే గిన్నె లాంటి భాగం, దాని చుట్టూ ఉన్న అంచు చూడండి. ఫోమ్ అంచయితే ఏళ్లు గడిచేకొద్దీ, వేడికి ఇంకా త్వరగా, పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఎక్కువ కాలం ఉంటుంది.

ఆంప్లిఫయర్ దగ్గర వాట్లు చూసి మోసపోవద్దు. 86 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్ వస్తుంది, అదే గట్టి శబ్దం. 50 వాట్ల నుంచి 100 వాట్లకు పోతే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. స్పీకర్లలోంచి "గుంయ్" మని హమ్ వస్తుంటే మాత్రం కొత్త ఆంప్లిఫయర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మన దగ్గర వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోయి ఎర్తింగ్ పనిచేయని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ గుంతలో నీళ్లు పోయడం కూడా ఆడియో పనే.

స్ట్రీమింగ్ విషయంలో రెండు మాటలు చెప్తాను. యాప్ సెట్టింగుల్లో క్వాలిటీ "ఆటో" అని ఉంటే మార్చండి. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటాయి. లాస్‌లెస్ అంటే దాన్ని ఏమీ పోకుండా కుదించి పంపడం. అలాంటి పాటను బ్లూటూత్‌లో పంపితే మామూలుగా మళ్లీ కొంత సమాచారం పోతుంది. వైఫై స్ట్రీమర్ అయితే పాటను తానే నేరుగా తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌లా పనిచేస్తుంది, మధ్యలో ఫోన్ మోగినా పాట ఆగదు. నా లెక్కలో స్పీకర్ల తర్వాత దీనిదే స్థానం. మందపాటి గోడలు దాటలేక వైఫై ఆగి ఆగి వస్తుంటే మామూలు ల్యాన్ వైరు లాగండి. వేల రూపాయల ల్యాన్ వైరు అక్కర్లేదు. మధ్యలో పోయిన డేటా ముక్కను నెట్‌వర్క్ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, వైరు ఖరీదైనంత మాత్రాన గొంతు తియ్యగా మారదు.

ఇక హై-రిజల్యూషన్, అంటే సీడీ కంటే ఎక్కువ బిట్లతో, 24 బిట్ లాంటి లెక్కలో చేసిన రికార్డింగు. 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. హై-రిజల్యూషన్ రికార్డింగును ఒకసారి ఉన్నదున్నట్టు, ఒకసారి సీడీ స్థాయికి, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కు దించి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లు అడిగితే సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. మేలో కూలర్ పెట్టుకుని వినే మన గదిలో 24 బిట్ రికార్డింగులోని సన్నని తేడాలు వినిపించేంత నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? ఆ డబ్బుతో శబ్దం తక్కువ చేసే ఫ్యాన్ కొంటే పాటలో సన్నని తంబూరా శ్రుతి బయటికొస్తుంది.

రెండు పరికరాలు పోల్చేటప్పుడు మాత్రం వాల్యూమ్ సమానం చేయండి. రవ్వంత గట్టిగా మోగేదే మనకు బాగున్నట్టు అనిపిస్తుంది. దుకాణంలో ఈ పని మీరే అడిగి చేయించుకోవాలి.

ఇప్పుడు ఈ హాల్లో అదే చెక్కభజన రెండుసార్లు పెడతాను. మొదట స్పీకర్లు గోడకు ఆనించి, నేల ఖాళీగా ఉంచి వినిపిస్తాను. తర్వాత ముందుకు జరిపి, కింద ఈ జంపఖానాలు పరిచి వినిపిస్తాను. వెనక వరసల్లో ఉన్నవాళ్లు మధ్యలోకి వచ్చి కూర్చోండి. ఫ్యాన్లు ఆపేయండి బాబూ.