తూటా పేలిన తరువాతి గంట
(అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, తుపాకీ వేట కాలానికి ముందు తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. నిర్వాహకులు నన్ను జింక మాంసం వంటకాల గురించి మాట్లాడమన్నారు. నేను వంటగది గడప తొక్కేలోపే నాకిచ్చిన సమయం అయిపోతుందని ముందే మనవి చేసుకుంటున్నాను. థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగే వేట కాలం దగ్గరపడినప్పుడల్లా మనవాళ్ళు అడిగేది ఒక్కటే: వాసన పోవాలంటే మసాలా ఎంత వేయాలి? అయ్యా, ఆ వాసన చాలావరకు జింకది కాదు, మన ఆలస్యానిది.

ముందుగా ఒక హెచ్చరిక. నేను చెప్పేదంతా ఇక్కడ లైసెన్సుతో వేటాడే తెల్లతోక జింక సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. పైగా కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కూ, చుక్కల జింక తెలంగాణకూ రాష్ట్ర జంతువులు. సెలవులకు ఊరికి వెళ్ళేటప్పుడు ఈ పాఠాన్ని దయచేసి ఇక్కడే వదిలి వెళ్ళండి.

జింక చనిపోయిందని నిర్ధారించుకున్నాక, తుపాకీ ఖాళీ చేసి, చేతి తొడుగులు వేసుకుని, దానిని వెల్లకిలా తిప్పాలి. మలద్వారం చుట్టూ కోసి పేగును విడదీసి దారంతో కట్టాలి. ఆ తరువాత పొట్ట తోలు కింద రెండు వేళ్ళు దూర్చి, వాటి నడుమ కత్తి పదును పైకి ఉండేలా పట్టుకుని, రొమ్ము ఎముక దాకా నెమ్మదిగా చీల్చాలి. కత్తి లోతుకు దిగితే కడుపో మూత్రాశయమో తెగి, ఆ మురికి అతి మెత్తని కండల మీదే పడుతుంది. రొమ్మునూ పొట్టనూ వేరుచేసే పొరను పక్కటెముకల వెంట కోసి, చేయి లోపలికి చాచి శ్వాసనాళాన్ని తెంపి లాగితే అవయవాలన్నీ కలిసే బయటికి వస్తాయి. గుండె, కార్జం వేరుగా సంచిలో వేసుకుని, జింకను బోర్లా తిప్పి నెత్తురు కారనివ్వాలి.

చేయి తిరిగినవారికి ఇది పెద్ద పనేమీ కాదు. మరి మనవాళ్ళు ఆ సమయంలో ఏం చేస్తున్నారు? ఫొటోలు! ఒక మిత్రుడు, నవంబరులోనూ ఎండ కాసిన ఒక రోజున, పొట్ట తీయని జింకను ట్రక్కులో వేసుకుని బంధువుల ఇళ్ళకు తిప్పి, చీకటి పడ్డాక గరాజులో వేలాడదీసి నన్ను పిలిచారు. అప్పటికే పొట్ట ఉబ్బిపోయింది, తొడ ఎముక చుట్టూ మాంసం రంగు మారింది. మొత్తం పారేశాక ఆయన అన్న మాట, ‘జింక మాంసం మనకు పడదండీ’ అని! నా కోపం ఇంకా చల్లారలేదు. ముందు వరుసలో కూర్చున్న తమ్ముళ్ళారా, ఫొటో దిగండి, ఒక్కటి దిగండి, ఆ వెంటనే కత్తి తీయండి.

ఇంటికి చేర్చేలోపు పొట్టలో మంచు సంచులు పెట్టి, మాంసం వేడిని వీలైనంత త్వరగా 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 4 డిగ్రీల సెల్సియస్ కిందికి దించాలి. తోలు వేడిని పట్టి ఉంచుతుంది కనుక, చలి చాలని రోజున దానిని ఆలస్యం చేయకుండా ఒలిచేయాలి. కోసేటప్పుడు తెల్లని కొవ్వును పూర్తిగా తీసేయండి. అది మేక కొవ్వు కాదు, మైనంలా అంగిటికి అంటుకుంటుంది. వెన్నుకు ఇరువైపులా ఉండే పొడవాటి కండ పెనం మీద కొద్దిసేపట్లో ఉడుకుతుంది. జబ్బ, మెడ భాగాలు కైమాకో, నిదానంగా ఉడికే పులుసుకో పనికివస్తాయి. సీసపు తూటా వాడినవారు గాయం చుట్టూ ఉదారంగా కోసి పారేయాలి, ఎందుకంటే కంటికి కనబడని సీసపు తునకలు గాయానికి దూరంగా కూడా చెదురుతాయి. పిల్లలున్న ఇళ్ళవారు రాగి తూటాలకు మారడం మేలు.

ఇక వంటకాల సంగతి నిర్వాహకులు మన్నించాలి, ఎందుకంటే జింకలను క్రమంగా కృశింపజేసి చంపే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే రోగం గురించి చెప్పకుండా నేను కూర్చోలేను. ఇది ఈ రాష్ట్రంలో 2002లో బయటపడింది. దానికి కారణమైన ప్రియాన్లు, అంటే రూపు చెడిన ప్రొటీన్లు, ఎంత ఉడికించినా నశించవు, రోగం ఉన్న జింక చూడడానికి ఆరోగ్యంగానే ఉండవచ్చు. మనుషులకు సోకినట్టు ఇంతవరకు నిర్ధారణ కాలేదు, అయినా రోగం తేలిన జింకను తినవద్దనే ఆరోగ్య శాఖల సలహా. కనుక వెన్నెముకను రంపంతో కోయకుండా మాంసాన్ని ఎముక నుంచి విడదీయండి, తలను పరీక్షకు ఇవ్వండి, ఒక్కో జింక పొట్లాల మీద దాని గుర్తు రాసి, ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్‌లో విడిగా ఉంచండి. పక్కింటికి పంచడం కూడా ఆ తరువాతే.