టాప్ స్పీడ్ ఒక్కటే ఉంటే సరిపోదు: రేస్ కార్లని వెంటాడే కెమెరా డ్రోన్లపై చర్చ

యాంకర్: నమస్కారం అండి, ఈరోజు చర్చ రేస్ కార్ల వెంటబడి షూట్ చేసే డ్రోన్ల గురించి. స్టూడియోలో డ్రోన్లు తయారుచేసే బిల్డర్ గారు ఉన్నారు, డ్రోన్ కెమెరా చూసేది కళ్ళముందు కనపడే గాగుల్స్ పెట్టుకుని వాటిని నడిపే పైలట్ ఉన్నారు, రేసుల లైవ్ కవరేజ్ చూసుకునే డైరెక్టర్ మేడం ఉన్నారు. బిల్డర్ గారూ, 2024 ఫిబ్రవరిలో ఒక వీడియో వచ్చింది కదా, ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్ మీద ఫార్ములా వన్ (ఎఫ్1) డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ కారు వెనకాల డ్రోన్ ఫుల్ ల్యాప్ తిరిగింది, నేనైతే నోరెళ్ళబెట్టి చూశా. అందులో అంత కొత్తేముంది?

బిల్డర్: స్పీడ్ కొత్త కాదండి. 2022లోనే గంటకి 360 కిలోమీటర్లు దాటిన గిన్నిస్ రికార్డు ఉంది, 2024లో దక్షిణాఫ్రికాలో తండ్రీకొడుకులు మైక్ బెల్, లూక్ బెల్ బిల్డ్ చేసిన పెరెగ్రీన్ 2 ఏకంగా 480 దాటేసింది. కానీ అవి సూటిగా వెళ్ళి సూటిగా రావడానికి చేసినవి. మీరు చూసిన వీడియోలోది డచ్ డ్రోన్ గాడ్స్ అనే డ్రోన్ టీమ్ వాళ్ళు, వెర్‌స్టాపెన్ టీమ్ రెడ్‌బుల్ ఇంజనీర్లతో కలిసి చేసింది, దాని స్పీడ్ 350 పైచిలుకు, అంటే రికార్డు కన్నా తక్కువే, కానీ అది కెమెరా మోస్తూ, స్పీడ్ తగ్గించుకుంటూ, మళ్ళీ అందుకుంటూ, అన్ని మలుపులూ తిరిగి 5.891 కిలోమీటర్ల ల్యాప్ పూర్తి చేసింది, నన్నడిగితే రికార్డు కొట్టడం కన్నా ఇదే కష్టం, ఈ మాట నేను ఎక్కడికెళ్ళినా చెప్తా.

పైలట్: అన్న చెప్పింది వంద శాతం కరెక్ట్. నన్ను అందరూ అడిగేది ఒకటే, ఎంత స్పీడ్ పోద్ది అని. ఎంత తొందరగా ఆగుద్ది అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

యాంకర్: దానికి వద్దాం. ముందు ఆ స్పీడ్ ఎలా వస్తుందో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పండి.

బిల్డర్: శత్రువు గాలి అండి. స్పీడ్ రెట్టింపు చేస్తే గాలి అడ్డం నాలుగు రెట్లు అవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి పవర్ ఎనిమిది రెట్లు కావాలి. అంటే 180లో పోయే డ్రోన్‌ని 350కి తీసుకెళ్ళాలంటే ఏడు రెట్ల పైన పవర్ పెట్టాలి, అంత మోటార్లు పెడితే అంత బ్యాటరీ పెట్టాలి, బ్యాటరీ పెడితే బరువు, బరువు పెరిగితే మలుపులో తిరగదు, ఇలా ఒకదాన్నొకటి తరుముతూనే ఉంటాయి. అందుకే బాడీని బుల్లెట్ ఆకారంలో చేస్తాం, ఫుల్ స్పీడ్‌లో డ్రోన్ దాదాపు పడుకుని వెళ్తుంది కాబట్టి మామూలు డ్రోన్‌కి పైభాగం అనుకునేదే దీనికి ముక్కు అవుతుంది.

ఇక ప్రాప్, అంటే మోటార్ తిప్పే రెక్క, దాని సంగతి. 7 అంగుళాల పిచ్ ఉన్న ప్రాప్ ఒక్క చుట్టుకి లెక్క ప్రకారం 7 అంగుళాలు ముందుకి పోతుంది, నిమిషానికి 30 వేల చుట్లు తిరిగితే గంటకి 320 కిలోమీటర్లు. ఇది కాగితం మీద, నిజంగా గాల్లో అంత రాదు. సరే 40 వేలకి తీసుకెళ్దాం అనుకోండి, 5 అంగుళాల ప్రాప్ కొస సెకనుకి 265 మీటర్ల దగ్గర తిరుగుతుంది, డ్రోన్ ముందుకెళ్ళే స్పీడ్ కూడా కలిస్తే 280 దాటుతుంది, శబ్దం వేగమేమో 340, దాని దగ్గరకి పోయేకొద్దీ ప్రాప్ అరుస్తుంది తప్ప తొయ్యదు.

యాంకర్: మరి వేడి?

బిల్డర్: అబ్బా, అది అనుభవిస్తేనే తెలుస్తుందండి. నా రెండో మోడల్‌కి ముక్కు మొత్తం నున్నగా మూసేశా, త్రీడీ ప్రింట్ గీతలు కనపడకుండా సాండ్ పేపర్‌తో మూడు రోజులు రుద్దా, అద్దంలా మెరిసింది. మొదటి ఫ్లైట్‌లో నిమిషం కూడా కాలేదు, మోటార్ ఒకటి తడబడింది, వీడు, మన పైలట్, ఎలాగో గడ్డిలో దింపాడు. తెరిచి చూస్తే మోటార్ల స్పీడ్‌ని అదుపు చేసే ఈఎస్‌సీ బోర్డు దగ్గర ఒక వైర్ సోల్డర్ కరిగి ప్యాడ్ మీంచి జారిపోయింది, సోల్డర్ మెరుస్తూ చిన్న బొట్టులా పక్కన గట్టిపడి ఉంది, బ్యాటరీ కొద్దిగా ఉబ్బింది, మోటార్ మీద వేలు పెట్టలేకపోయా. తర్వాత ముక్కుకి రెండు సన్నటి చీలికలు కోసి గాలి నేరుగా ఈఎస్‌సీ మీదకి వెళ్ళేలా చేశా. టాప్ స్పీడ్ కొంచెం పోయింది, కానీ ల్యాప్ మొత్తం నిలబడింది, ఆ రోజు నుంచి స్పీడ్ లెక్క బోర్డు మీద రాయడం మానేశా.

పైలట్: బ్యాటరీ లెక్క కూడా చెప్పన్నా.

బిల్డర్: 1300 ఎంఏహెచ్ ప్యాక్ నుంచి సగటున 50 ఆంపియర్లు లాగితే నిమిషంన్నరలో ఖాళీ, 100 లాగితే ముప్పావు నిమిషం. సిల్వర్‌స్టోన్‌లో ఎఫ్1 ల్యాపే నిమిషంన్నర అటూఇటూ, కాబట్టి ల్యాప్ మధ్యలో ఎక్కడ థ్రాటిల్ తగ్గించాలో కూడా ముందే ప్లాన్ చేసుకోవాలి.

యాంకర్: పైలట్ గారూ, ఆగడం గురించి ఏదో అన్నారు.

పైలట్: చూడండి, ఎఫ్1 కారు 300లో వచ్చి వంద మీటర్ల లోపే మలుపు స్పీడ్‌కి వచ్చేస్తుంది. దానికి కార్బన్ బ్రేకులున్నాయి, టైర్లున్నాయి, వింగులు కిందకి నొక్కుతున్నాయి. నా డ్రోన్‌కి ఏముంది? గాలి తక్కువ తగలాలని అన్న మూడు రోజులు రుద్దాడు కదా, ఇప్పుడు అదే నున్నదనం నాకు శాపం, ఆగమంటే ఆగదు. దాన్ని నిలువుగా లేపి పొట్ట గాలికి చూపించాలి, లేపితే కెమెరా ఆకాశం చూస్తుంది. అందుకే నేను కారు లైన్ ఫాలో అవ్వను, కారు తారు మీదే పోవాలి, నాకా బాధ లేదు, మలుపు లోపలి వైపు నుంచి అడ్డంగా కోసి అటు పక్క మళ్ళీ దాని వెనక్కి వచ్చేస్తా.

డైరెక్టర్: ఆ ఆకాశం షాటే నాకు ప్రాబ్లం. రికార్డింగ్ అయితే డ్రోన్ ఎటు ఎంత ఊగిందో చెప్పే గైరో డేటా తీసుకుని గైరోఫ్లో అనే సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు, లైవ్‌లో నాకంత టైమ్ ఉండదు. కెమెరాని పైకీ కిందకీ వంచే టిల్ట్ మోటార్ పెట్టండి అని ఎప్పటినుంచో అడుగుతున్నా.

బిల్డర్: పెడదామండి, నేను రెడీ.

పైలట్: వద్దన్నా. టిల్ట్ సర్వో, అదే ఆ మోటార్, అంటే బరువు, వణుకు, ముక్కులో ఇంకో కన్నం. వైడ్ లెన్స్ పెట్టి మీడియం స్పీడ్ మలుపులకి సరిపోయేలా కోణం బిగించేద్దాం, పైన కిందా కట్ చేసుకోవచ్చు.

డైరెక్టర్: వైడ్ లెన్స్ అంటే ఇంకో సంగతి బాబూ. కారు పది మీటర్ల దూరంలో ఉంటే స్క్రీన్ మీద అగ్గిపెట్టెంత కనపడుతుంది, మూడు నాలుగు మీటర్లకి వస్తేనే షాట్. పైకి ఎగిరినా స్పీడ్ చచ్చిపోతుంది, నేల దగ్గరగా ఉంటేనే తారు పరుగెడుతున్నట్టు అనిపిస్తుంది. లెన్స్‌లోకి వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా ఎండలో తీస్తే ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ చక్రం ఆగిపోయి కనపడుతుంది, ఫిల్టర్ వేసి షటర్ స్పీడ్ తగ్గిస్తే ఆ పరుగు వస్తుంది, కానీ ఫిల్టర్ వేసిన ఫుటేజ్‌ని స్టెబిలైజ్ చేస్తే వణుకు పోయినా దాని మసక అలాగే ఉండిపోతుంది. కాబట్టి వణుకు డ్రోన్‌లోనే చంపాలి, అక్కడ మాత్రం నేను తగ్గను.

యాంకర్: మూడు నాలుగు మీటర్లు అంటున్నారు, మరి సేఫ్టీ?

డైరెక్టర్: 2015 డిసెంబర్లో ఇటలీలో మడోన్నా డి కాంపీలియోలో స్కీ రేస్ జరుగుతుంటే కెమెరా డ్రోన్ ఆస్ట్రియా స్కీయర్ మార్సెల్ హిర్షర్ వెనకాలే పడింది, అంతే వెంట్రుక వాసిలో తప్పింది. ఆ తర్వాత స్కీ ఫెడరేషన్ డ్రోన్లని ఆపేసింది. ఆ క్లిప్ నేను ప్రతి కొత్త టీమ్‌కీ చూపిస్తా, మాటలతో చెప్పక్కర్లేదు. కేజీ బరువున్న డ్రోన్ 350లో తగిలితే ఫాస్ట్ బౌలర్ వేసిన బాల్ కన్నా ముప్పై రెట్ల పైన శక్తి.

పైలట్: ఇంకోటి, వీడియో నా గాగుల్స్‌కి 30 మిల్లీసెకన్లు లేటుగా వచ్చిందనుకోండి, 350లో అది దాదాపు 3 మీటర్లు. అంటే కారుకీ నాకూ మధ్య దూరం ఎంతో, నేను చూసేది అంత పాతది. స్టాండ్ల వెనక్కి వెళ్తే సిగ్నల్ కూడా పోతుంది, అందుకే ట్రాక్ పొడుగునా యాంటెన్నాలు పెట్టాలి, లింక్ తెగితే డ్రోన్ ఏం చెయ్యాలో ముందే సెట్ చెయ్యాలి, నా లెక్కలో మోటార్లు ఆగిపోయి ఖాళీ గడ్డిలో పడాలి. ఒక్క కారు ఒంటరిగా తిరుగుతుంటే ఓకే, 20 కార్లు గుంపుగా పోతుంటే వాటి వెనక గాలి సుడులు ఎలా తంతాయో ముందే చెప్పలేం, గుంపు వెనక నేను ఎగరను.

యాంకర్: అయితే అసలు రేసులో ఇది కుదరదా?

డైరెక్టర్: ఫుల్ ల్యాప్ వద్దు అంటున్నా నేను. ట్రాక్‌లో జనం లేని ఒక సెక్టార్, అంటే ఒక భాగం, తీసుకుందాం, ట్రాక్ పక్కన డ్రోన్ దాటకూడని గీత ఒకటి పెట్టుకుందాం, అందులోనే ఎగరాలి. నాకు ల్యాప్‌కి పన్నెండు సెకన్ల మంచి షాట్ చాలు.

పైలట్: పన్నెండు సెకన్లు అంటే బ్యాటరీకి కూడా హాయి మేడం. రెండు డ్రోన్లు పెడదాం, ఒకటి దిగి ప్యాక్ మారుస్తుంటే ఇంకోటి రెడీగా ఉంటుంది.

బిల్డర్: పన్నెండు సెకన్లకైతే చిన్న ప్యాక్ చాలు, మిగిలిన బరువులో మీ టిల్ట్ సర్వో కూడా పట్టేస్తుంది మేడం. నువ్వేమంటావురా?

పైలట్: ముందు ఖాళీ ట్రాక్ మీద ఎగరేసి చూద్దామన్నా, వణికితే మాత్రం పీకేస్తా.

డైరెక్టర్: సరే, దిగే చోటు, ఎగిరే చోటు ట్రాక్ మ్యాప్ మీద గీసి పంపండి, నా టవర్ కెమెరాలు దాన్ని బట్టి జరుపుతా.

పైలట్: రాత్రికే పంపిస్తా మేడం.