"వృథా ఏంది బాబూ?"

నమస్కారం అండీ. నేనిప్పుడు విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఉన్నాను. నా వెనక 70 గేట్లు. వీటి కింద నుంచి జారే కృష్ణమ్మ గురించి మన దగ్గర ఒక మాట స్థిరపడిపోయింది. "నీళ్ళు వృథాగా సముద్రం పాలవుతున్నాయి." వార్తల్లో అదే, టీ బడ్డీ దగ్గరా అదే.

ఆ మాట నేను కృష్ణ సముద్రంలో కలిసే చోట, లంకెవానిదిబ్బ వైపు మడ అడవిలో, పీతలు పట్టే ఒక యానాది గిరిజన పెద్దమ్మ ముందు అనేశాను. ఆవిడ చేతిలో కొక్కెం ఉన్న ఇనప చువ్వ. బురద గుంటలో పెట్టిన చువ్వను అలాగే ఆపి నా వంక చూసింది.

"వృథా ఏంది బాబూ? తీపి నీళ్ళు రాకపోతే మడ ఎట్టా బతుకుద్ది?"

నిజమే కదండీ. మడ చెట్టు ఉప్పును తట్టుకుంటుందే గాని, ఒట్టి ఉప్పు మీద ఏపుగా పెరగదు. నది తెచ్చే మంచినీళ్ళు, ఒండ్రు కలిస్తేనే దాని వేళ్ళ మధ్య రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు పెరుగుతాయి. వాటి కోసమే బావురుపిల్లి, అంటే చేపలు పట్టే అడవి పిల్లి, అక్కడ బతుకుతుంది. ఆ చేపా పీతా మీదే యానాదుల బతుకు కూడా.

నన్ను ఎక్కువగా కదిలించింది ఆవిడ మొక్కే తీరు. గట్టు మీద వేపచెట్టు కింద పసుపు రాసిన రాయి పోలేరమ్మ. నీళ్ళలో దిగేముందు మాత్రం దండం గంగమ్మకు. "గంగమ్మ అంటే ఏటికా, సముద్రానికా పెద్దమ్మా?" అని అడిగాను. ఆవిడకు నా ప్రశ్నే అర్థం కాలేదు. పోటు వచ్చినప్పుడు సముద్రం ఏట్లోకి ఎక్కుతుంది, ఆటుకు ఏరు సముద్రంలోకి దిగుతుంది. రోజుకు రెండుసార్లు ఒకదాంట్లో ఒకటి కలిసే నీళ్ళను ఇద్దరు దేవతలుగా ఎట్లా విడదీస్తారు? తెలుగులో గంగ అంటే నీళ్ళే కదా. ఆవిడ ఆ మాటను పూర్తిగా నమ్మింది, అంతే.

మనమూ నమ్ముతామండీ. 2016 పుష్కరాల్లో ఆగస్టు 12 నుంచి 23 దాకా ఇదే కృష్ణలో తలలు ముంచాం, హారతులిచ్చాం. అదే తల్లి గేటు దాటగానే వృథా అయిపోయిందా? ఈ ప్రశ్న నేను ముందు నన్నే అడుగుతున్నాను.

యానాది అన్న పేరు "అనాది" నుంచి వచ్చిందంటారు. నెల్లూరు నుంచి గుంటూరు దాకా తీరం వెంట, ఏటి పాయల వెంట ఉన్న గిరిజనులు వీళ్ళు. 2011 జనాభా లెక్కల్లో 5 లక్షల పైమాటే. చెంచు దేవుడిని కొలుస్తారు, వేరు మందులు తెలుసు. పాము జాడ తెలుసు. ఇంత తెలిసినవాళ్ళలో కొందరిని బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద పుట్టు నేరస్థులుగా రాసింది. ఆ చట్టం పోయింది 1952లో. మనకు మాత్రం వీళ్ళు పొలంలో ఎలుకలు పట్టేవాళ్ళుగానే తెలుసు.

తిథి చెబితే చాలు, నీళ్ళు ఎంత ఎక్కుతాయో ఆవిడ చెప్పేస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ, అష్టమి దగ్గర నీరసం. రోజురోజుకూ పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఆవిడ దగ్గర గడియారం లేదు. గుంటలోంచి చిన్న పీత వస్తే మళ్ళీ బురదలోకే వదిలేసింది. ఎందుకని అడిగితే, "గంగమ్మ ఇంకా పెంచుతోంది" అంది. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్ల వేట ఆపడానికి మనకు ప్రభుత్వ ఉత్తర్వు కావాల్సి వచ్చింది. ఆవిడకు ఆ ఒక్క మాట సరిపోయింది. దీన్ని మూఢనమ్మకం అనడానికి నాకు నోరు రాదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. దాదాపు 10 వేలమంది పోయారని ప్రభుత్వ లెక్క. మడ దట్టంగా ఉన్నచోట అల జోరు తగ్గుతుంది, శాస్త్రం కూడా అదే చెబుతుంది. అయినా తర్వాతి ఏళ్ళలో రొయ్యల చెరువుల కోసం తీరంలో ఎంత మడ కొట్టేశారో! ఒకప్పుడు అక్కడ స్వేచ్ఛగా వేటాడినవాళ్ళలో కొందరు ఇప్పుడు అవే చెరువుల గట్ల మీద, అడ్వాన్సు తీసుకున్న పాపానికి రాత్రింబవళ్ళు కాపలా ఉంటున్నారు. ఇది తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

పోటు మొదలయ్యే వేళకు పెద్దమ్మ బుట్ట ఎత్తుకుంది. దోసెడు నీళ్ళు తల మీద చల్లుకుని, వెళ్తూ వెళ్తూ అడిగింది.

"పైన మీ ఊళ్ళో ఎన్ని గేట్లు ఎత్తారు బాబూ?"

ఆ రోజు చెప్పలేకపోయాను. అందుకే ఇవాళ ఇక్కడికొచ్చి లెక్కపెడుతున్నాను.