ఒకే సూది మందు, మూడు వయసులు

(కర్నూలులో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాదు. పెద్దాసుపత్రి దగ్గర మందుల షాపులో చీటీ చదివి మందులిచ్చే ఫార్మసిస్టుని. ఈరోజు ఒక్క ఇంజెక్షన్ గురించే మాట్లాడతాను. పేరు ల్యూప్రోలైడ్. కొన్ని పెట్టెల మీద ల్యూప్రొరెలిన్ అని ఉంటుంది, రెండూ ఒకటే.

ఈ మందు కోసం డెబ్బై దాటిన పెద్దాయనలు వస్తారు, ముప్పై ఏళ్ల ఆడవాళ్లు వస్తారు, ఏడేళ్ల పాప చెయ్యి పట్టుకుని తల్లులూ వస్తారు. ఆ తల్లి ఫోన్లో మందు పేరు కొడితే ముందు కనిపించేది ప్రొస్టేట్ క్యాన్సర్, అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథికొచ్చే క్యాన్సర్. "అన్నా, మా పాపకు క్యాన్సరా?" అని అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. కాదమ్మా అంటే సరిపోదు, ఎందుకు కాదో చెప్పాలి.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది గంటకో గంటన్నరకో ఒకసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. కిందనున్న పిట్యూటరీ గ్రంథి ఆ కబురు అందుకుని మగవాళ్లలో వృషణాలకు, ఆడవాళ్లలో అండాశయాలకు పని చెబుతుంది. మగవాళ్ల హార్మోన్ టెస్టోస్టిరాన్, ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజన్ అలా తయారవుతాయి. ఈ జీఎన్‌ఆర్‌హెచ్ గుట్టు విప్పిన షాలీ, గిల్లెమిన్ అనే శాస్త్రవేత్తలకు 1977లో నోబెల్ వచ్చింది. ల్యూప్రోలైడ్ దానికి నకలు, కాకపోతే అసలు కన్నా గట్టి పిండం. నెలల తరబడి ఆగకుండా అదే కబురు పంపుతుంది. తల్లి అప్పుడప్పుడు పిలిస్తే పిల్లాడు పలుకుతాడు, పొద్దస్తమానం పిలుస్తూనే ఉంటే చెవిన వేసుకోడు. పిట్యూటరీ కూడా అంతే, రెండు మూడు వారాల్లో పలకడం మానేస్తుంది. హార్మోన్లు పడిపోతాయి.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు మేత టెస్టోస్టిరాన్. అది తగ్గిస్తే గడ్డ అణుగుతుందని హగ్గిన్స్ అనే డాక్టరు 1941లోనే చూపించాడు. అప్పట్లో వృషణాలు తీసేసేవాళ్లు. ఇప్పటికీ ఆ ఆపరేషన్ ఉంది, ఒక్కసారితో పోతుంది, ఖర్చూ తక్కువ. మన మగవాళ్లు ఆ మాటెత్తితేనే లేచి వెళ్లిపోతారు, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. పిట్యూటరీ మొండికేయకముందు, మొదటి వారం రెండు వారాలు టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. ఎముకల నొప్పులు ఎక్కువ కావచ్చు. అందుకే డాక్టర్లు చాలామందికి ముందుగా, ఆ టెస్టోస్టిరాన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ లాంటి బిళ్లలు మొదలుపెడతారు. "సూది కోసం వచ్చాం, బిళ్లలెందుకు" అని వాటిని వదిలేయొద్దు. ఆ రోజుల్లో కాళ్లు పట్టు తప్పినా, మూత్రం బిగుసుకుపోయినా తెల్లారేదాకా ఆగకండి, రాత్రికి రాత్రే ఆసుపత్రికి పోండి.

తర్వాత ఒళ్లంతా ఆవిర్లొస్తాయి, చెమటలు పోస్తాయి. మన మే నెల ఎండకు ఎవరికైనా చెమటే కాబట్టి, వేడి చేసిందని సబ్జా గింజలు తాగి ఊరుకుంటారు. తాగండి, తప్పేం లేదు. కానీ అది మందు ప్రభావమని డాక్టరుకు చెప్పండి. ఎముకలు కూడా పలచబడతాయి. రాగిసంగటి తినే ఊళ్లో పుట్టాం, అది మానొద్దు. నడక మానొద్దు. షుగర్ ఉంటే ఒకసారి చూపించుకోండి, పెరగవచ్చు.

ఆడవాళ్లకు ఎండోమెట్రియోసిస్‌లో, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగి నెలనెలా ప్రాణం తీసే నొప్పి పెట్టే జబ్బులో, ఇది వాడతారు. ఆపరేషన్‌కు ముందు గర్భసంచి గడ్డలు కుదించడానికీ వాడతారు. ఎముకల భయం వల్ల మామూలుగా ఆరు నెలలకు మించనివ్వరు. గర్భంతో ఉన్నవాళ్లకు వేయకూడదు.

ఇక ఆ పాప సంగతి. ఎనిమిదేళ్లు నిండకముందే ఆడపిల్లకు, తొమ్మిది నిండకముందే మగపిల్లాడికి యవ్వన లక్షణాలు మొదలైతే ఎముకలు తొందరగా ముదిరి ఎదుగుదల ఆగిపోతుంది. ముందు గబగబా పొడుగై, చివరికి పొట్టిగా మిగులుతారు. కారణం మెదడు నుంచే అయితే ఈ సూదితో ఆ గడియారాన్ని ఆపి ఉంచుతారు. సూది మొదలైన కొత్తలో కొంచెం రక్తం కనిపించవచ్చు. తగిన వయసొచ్చాక ఆపేస్తే యవ్వనం మళ్లీ దాని దారిన అది వస్తుంది. చుట్టాలు పెద్దమనిషి ఫంక్షన్ గురించి అడిగితే, రెండో తరగతి పిల్లకు ఫంక్షనేంటని అడగండి.

కౌంటర్ మాట ఒకటి. నెలకొకటి, మూడు నెలలకొకటి వేసే రకాలున్నాయి, డోసులు వేరు. చీటీలో ఏది రాస్తే అదే తీసుకోండి, చవకని మార్చొద్దు. కొన్ని ఫ్రిజ్‌లో ఉండాలి, కొన్నింటికి అక్కర్లేదు, పెట్టె మీద రాసి ఉంటుంది. ఆదోని నుంచి, పత్తికొండ నుంచి బస్సులో వచ్చేవాళ్లు సూది వేసేచోటే కొనండి. తారీఖు దాటితే అణిగిన హార్మోన్ మళ్లీ లేస్తుంది. ఇంకేమైనా ఉంటే అడగండి, నాకు తెలిసింది చెబుతాను.