ముక్కముక్కగా కుట్టే పెద్ద బొంత: లాగ్ క్యాబిన్

శ్రోతలకు నమస్కారం.

పెద్ద మంచానికి సరిపడే బొంతను మిషన్ మీద కుట్టబోతే మొదట ఎదురు తిరిగేది దాని బరువు. పై గుడ్డ, నడుమ దూది, కింద అస్తరు, ఈ మూడింటినీ చుట్టచుట్టి సూది పక్కనున్న జానెడు జాగాలో దూర్చాలి. మన ఇళ్ళలో బొంతను నేలమీద పరిచి చేత్తో కుడతారు కాబట్టి ఈ చిక్కు రాదు. మిషన్ మీద కుట్టే అమెరికా వాళ్ళు దీనికి వాడే ఉపాయమే క్విల్ట్ యాజ్ యూ గో. అంటే, బొంత మొత్తం తయారయ్యాక దూది కుట్టడం కాదు. ఒక్కొక్క చదరానికే దూదీ అస్తరూ వేసి కుట్టేసి, ఆఖర్న చదరాలను జోడించడం.

ఈ పద్ధతికి లాగ్ క్యాబిన్ అంత బాగా ఒదిగే నమూనా ఇంకొకటి లేదు. 1860ల నుంచి అమెరికాలో బాగా వ్యాపించిన నమూనా ఇది. పేరుకు అర్థం దుంగలు పేర్చి కట్టిన ఇల్లు. ఒక్కొక్క చదరంలోనూ నడిమి ముక్క ఆ ఇంటి పొయ్యి అని చెప్పుకుంటారు, అందుకే దానికి ఎర్ర గుడ్డ వేయడం ఆనవాయితీ. చుట్టూ వచ్చే పట్టీలు దుంగలు. ఐమూలగా ఒక సగం లేత రంగులు, ఇంకో సగం ముదురు రంగులు. ఆ రోజుల్లోనూ ఈ పట్టీలను చాలామంది అడుగున ఒక గుడ్డ పెట్టి దానిమీదే కుట్టేవారు. మనం ఆ గుడ్డ బదులు దూదినీ అస్తరునూ పెడుతున్నాం, అంతే.

ఇక లెక్క. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. వరసకు 6 చొప్పున 8 వరసలు, మొత్తం 48 చదరాలు. పూర్తయ్యాక బొంత వెడల్పు 75 అంగుళాలు, పొడవు 100. పన్నా 44 అంగుళాలుండే నూలు గుడ్డయితే లేత రంగులు మూడుంబావు మీటర్లు, ముదురు రంగులు 4 మీటర్లు, నడిమి ముక్కలకు అర మీటరు, అస్తరుకు 6 మీటర్లు, జోడింపు పట్టీలకూ అంచుకూ కలిపి రెండున్నర మీటర్లు. ముదురు గుడ్డ ఎక్కువ ఎందుకంటే ప్రతి చుట్టులోనూ ఆఖరి రెండు పట్టీలు అవే, పొడవైనవీ అవే. గుడ్డలన్నిటినీ ముందే ఉతికి ఆరబెట్టండి. ఎరుపు, నీలి రంగులను విడిగా నానబెట్టి చూడండి. రంగు దిగే గుడ్డ ఒక్కటి చాలు, తొలి ఉతుకులోనే లేత సగమంతా పాడైపోతుంది.

దూది షీటు పలచగా ఉండాలి. మందమైతే సూది కింద పై గుడ్డ ముందుకు జారి పట్టీలు వంకరపోతాయి. దూదినీ అస్తరునూ పదమూడున్నర అంగుళాల చదరాలుగా కోయండి. దూది మీద మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే, అవి కలిసే చోటే నడిమి ముక్కకు స్థానం. ఆ ముక్క మూడున్నర అంగుళాల చదరం. పట్టీల వెడల్పు 2 అంగుళాలు. మొదటి చుట్టుకు వాటి పొడవులు వరసగా మూడున్నర, 5, 5, ఆరున్నర. మొదటి రెండూ లేతవి, తర్వాతి రెండూ ముదురువి. రెండో చుట్టుకు ప్రతి పొడవుకూ 3 అంగుళాలు కలపండి, మూడో చుట్టుకు ఇంకో 3. ఆ మూడో చుట్టు పట్టీలను మాత్రం వెడల్పులో పావు అంగుళం, పొడవులో అర అంగుళం ఎక్కువ పెట్టి కోయండి. ప్రతి కుట్టూ దూదిలోకి దిగేటప్పుడు గుడ్డను కాస్త లాక్కుంటుంది. ఆ తరుగు ఇక్కడ పూడుతుంది.

పట్టీని నడిమి ముక్క మీద బోర్లా పెట్టి, అంచులు కలిపి, పావు అంగుళం వదిలి, దూదీ అస్తరూ కూడా పట్టేలా కుట్టండి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. వాకింగ్ ఫుట్, అంటే పై పొరనూ కింది పొరనూ సమానంగా జరిపే మిషన్ పాదం, ఉంటే తప్పక వాడండి. పట్టీని తిప్పి గోటితో నొక్కండి. పాలియెస్టర్ దూది మీద ఇస్త్రీ పెడితే అతుక్కుని అణిగిపోతుంది. 48 చదరాల్లోనూ ఒకే దిశలో తిరగండి. ఒక్కటి ఎదురు తిరిగినా పరిచినప్పుడు కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పట్టీని కొలవకుండా పొడుగ్గా కుట్టేసి తర్వాత మిగులు కత్తిరిద్దామనుకోకండి. లాగినకొద్దీ సాగి చదరం గిన్నెలా లేస్తుంది.

చదరాన్ని పన్నెండున్నర అంగుళాలకు సరిచేయడమే ఈ పనికి ప్రాణం. నడిమి ముక్క నుంచి నాలుగు వైపులా ఒకే దూరం కొలిచి, మూడు పొరలనూ కలిపి కోయండి. ఏ చదరమైనా పన్నెండున్నరకు రాకపోతే, అన్నిటికన్నా చిన్నది ఎంతుందో మిగతా 47 కూడా అంతకే రావాలి. చిన్నదాన్ని సాగదీసి కలిపితే ఆ వరస అలలు తేలుతుంది.

జోడించే ముందు అన్నిటినీ నేలమీద పరిచి చూడండి. లేత సగాలు చదరాలన్నిటిలోనూ ఒకే వైపున ఉండేలా అమర్చుకుంటే నాగటి చాళ్ళలా వాలు గీతలు వస్తాయి. మధ్య నుంచి వజ్రాకారాలు విచ్చుకుంటూ పోతే దాని పేరు బార్న్ రైజింగ్. దానికి రెండు వైపులా సరిసంఖ్యలో చదరాలుండాలి. 6, 8 అని అందుకే చెప్పాను.

జోడింపుకు రెండు రకాల పట్టీలు. పైది 1 అంగుళం. వెనకది ఒకటీ ముప్పావు, నిలువునా మడిచి ఇస్త్రీ చేసింది. మొదటి చదరానికి ముందువైపు పై పట్టీని బోర్లా, వెనకవైపు మడత పట్టీని, అంచులు కలిసేలా పెట్టి పావు అంగుళం వదిలి ఒకే కుట్టుతో కలపండి. తర్వాత పై పట్టీ రెండో అంచును రెండో చదరం ముందువైపుకు బోర్లా పెట్టి కుట్టండి. ఇక్కడ మడత పట్టీ కుట్టులో పడకూడదు. విప్పి పరిస్తే రెండు చదరాల అంచులూ పై పట్టీ కింద ఒకదాన్నొకటి తాకుతూ కూర్చుంటాయి. పట్టీలో కుట్టుకు పోగా మిగిలేది అర అంగుళం, దాని కింద అటు పావు, ఇటు పావు. పట్టీ వెడల్పైతే నడుమ బోలుగా గాడి పడుతుంది. సన్నమైతే అంచులు ఒకదాని మీదికొకటి ఎక్కి గట్టులా తగులుతుంది. వెనక మడత పట్టీని జోడు మీదుగా తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయండి.

ముందు వరసలు కట్టండి. వరసల మధ్య వేసే పొడవాటి పట్టీని 75 అంగుళాలకు కోసి, ప్రతి పన్నెండున్నరకూ గుర్తు పెట్టి, ఆ గుర్తులను చదరాల జోళ్ళకు గుండుసూదులతో కలపండి. లేకపోతే పై వరస జోళ్ళూ కింది వరస జోళ్ళూ ఒక గీతలో నిలబడవు. నాలుగు వరసలు ఒక సగం, నాలుగు ఇంకో సగం. చివర్న అంచు కుట్టడాన్ని పక్కన పెడితే, బొంత పూర్తి బరువు మిషన్ మీదకు వచ్చేది ఆ రెండు సగాలను కలిపే ఒక్క కుట్టు దగ్గరే. అప్పుడు మిషన్‌కు ఎడమవైపున ఒక బల్ల చేర్చి భారాన్ని దానిమీద పెట్టండి. బరువు కిందికి వేలాడితే సూది వంగి విరుగుతుంది.

అంచుకు రెండున్నర అంగుళాల పట్టీలు తొమ్మిదింటిని ఏటవాలుగా అతికి, మడిచి, చుట్టూ తిప్పండి. తొలిసారి చన్నీళ్ళలో ఉతికి, తీగ మీద వేలాడదీయకుండా మంచం మీద పరిచి నీడలో ఆరబెట్టండి.